ఆమెను పాడొద్దన్నాను

నేను పాతికేళ్ళు మా ఊరి గుడిలో పాటలు నడిపించాను. రామచంద్రపురం దగ్గర కాలవ గట్టు పక్కన ఉన్న చిన్న లూథరన్ చర్చి అది, మేం గుడి అనే అంటాం. వారమంతా హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి, ఆదివారం హార్మోనియం ముందు కూర్చునేవాణ్ణి. దేవుడికి నాకంటే దగ్గరగా ఉన్నవాళ్ళు ఆ ఊళ్ళో లేరని అప్పట్లో నా నమ్మకం. పైకి ఎవరితోనూ అనలేదు గాని, లోపల అలాగే ఉండేది.

ఆడవాళ్ళ వైపు, ముందు చాప మీద ఒకావిడ కూర్చునేది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. భర్త పోయాడు, పిల్లలు లేరు. వరి నాట్లకీ కలుపుకీ కూలికి వెళ్ళేది. చదువు రాదు కాబట్టి పాటలన్నీ విని నేర్చుకున్నవే, మాటలు సగం తప్పు పలికేది. చేలో అవతలి గట్టు మీదున్న మనిషిని పిలిచినంత గట్టిగా పాడేది. అందరం చరణం ముగించాక కూడా ఆవిడ ఒక్కతే చివరి మాట పాడుతూ ఉండేది. పిల్లలు నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

ఒక ఏడాది గుడి వార్షికోత్సవానికి బయటి నుంచి సంఘం పెద్దలు వస్తున్నారన్నారు. రెండు నెలలు కూర్చోబెట్టి పాటలు సాధన చేయించాను. ముందు రోజు సాయంత్రం ఆవిడ గుడి ఊడ్చి, చాపలు దులుపుతుంటే దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. రేపు మీరు పాడొద్దు. మనసులో పాడుకోండి. దేవుడు చూసేది మనసే కదా" అన్నాను.

ఆవిడ చాప దులపడం ఆపింది. "నా గొంతు అంత అడ్డం వస్తోందాండి?" అంది.

"పాట చెడిపోతోందండి."

"అలాగేనండి మేష్టారు" అంది. మిగతా చాపలు కూడా దులిపి, చుట్టి మూలకు పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు పాట నేను కోరుకున్నట్టే వచ్చింది. వచ్చిన పెద్దలు నా చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నారు. ఆవిడ నోరు విప్పకుండా కూర్చుంది. నేను చెప్పింది ఆ ఒక్క రోజుకే. కానీ పై ఆదివారమూ ఆవిడ పాడలేదు, ఆ పై ఆదివారమూ అంతే. "మీరు మామూలుగా పాడుకోవచ్చమ్మా" అని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పాట హాయిగా సాగుతోంది కదా అని ఊరుకున్నాను. అలా తొమ్మిదేళ్ళు ఊరుకున్నాను.

తర్వాత నా భార్యకు కామెర్లు వచ్చాయి. పసరు మందుతో తగ్గిపోతుందనుకుని మొదట పదిహేను రోజులు గడిపేశాను. కాకినాడ ఆసుపత్రిలో చేర్చేటప్పటికి కాలేయం బాగా దెబ్బతిందన్నారు. ఆమె తమ్ముడు వార్డు బయట అందరి ముందూ, "అక్కని ఇంతదాకా తెచ్చింది మీరే బావగారూ" అన్నాడు. అది నిజం. నిజం కాబట్టే అతని మీద నా కోపం పోలేదు.

సంఘం వాళ్ళు వచ్చారు. పళ్ళు పెట్టారు, ప్రార్థన చేశారు, బస్సు వేళకి వెళ్ళారు. వాళ్ళని తప్పు పట్టను. ఇంతకాలం నేను ఇతరులకు చేసిందీ అంతే. నాలుగో రోజు మధ్యాహ్నం బట్టల సంచితో ఆవిడ వచ్చింది.

"ఉండడానికే వచ్చానండి. నాట్లు అయిపోయాయి" అంది. నాట్లు ఇంకా సగం కూడా కాలేదని నాకు తర్వాత తెలిసింది.

పదకొండు రోజులు ఉంది. నా భార్యకు ఒళ్ళు తుడిచేది, జడ వేసేది, వాంతి వస్తే దోసిలి పట్టేది. నేను మంచం పక్కన నిలబడి పుస్తకాల భాషలో ప్రార్థన చేస్తుంటే నా భార్య కళ్ళు మూసుకుని ఎప్పుడవుతుందా అన్నట్టు ఉండేది. ఆవిడ ప్రార్థన వేరు. గంజి కలుపుతూనే, పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టు, "అయ్యా, పొద్దుట్నించి ఈ బిడ్డకి ఏమీ దిగలేదయ్యా. నాలుగు చెంచాలైనా దిగేలా చూడు" అనేది. నా భార్య నోరు తెరిచేది.

ఒక మధ్యాహ్నం ఫ్లాస్కులో వేడినీళ్ళు తెస్తూ వార్డు తలుపు దగ్గర ఆగాను. లోపల నా భార్య అడుగుతోంది.

"ఒక పాట పాడు పెద్దమ్మా. ఇదివరకు గుళ్ళో గట్టిగా పాడేదానివి కదా, ఎందుకు మానేశావు?"

నేను వద్దన్న సంగతి నా భార్యకు తెలియదు.

"పాటలు పోయాయమ్మా నాకు. పెద్దదాన్నయ్యాను కదా" అంది ఆవిడ. "కబుర్లు చెప్తాను, వింటావా?"

నా మీద ఒక్క మాట కూడా రానివ్వలేదు. అప్పుడైనా లోపలికి వెళ్ళి, "వద్దన్నది నేనే, పాడండమ్మా" అని ఉండాల్సింది. భార్య ముందు చులకనైపోతానని జంకాను. ఫ్లాస్కు పట్టుకుని వరండాలో నిలబడిపోయాను. నాలుగు రోజులకి నా భార్య పోయింది. చివరి రోజుల్లో ఆమె అడిగిన వాటిలో తీర్చగలిగింది అదొక్కటే. నా మూలంగా అదీ తీరలేదు.

రెండు వారాలయ్యాక ఆవిడ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అరుగు మీద కూర్చుని, తలుపు దగ్గర విన్నదీ, విని మాట్లాడకుండా ఉండిపోయిందీ అన్నీ చెప్పాను. క్షమించమన్నాను.

ఆవిడ చాట పక్కన పెట్టింది. "ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చానండి. మీరంటే చాలా కోపమొచ్చింది. కోపం లోపల పెట్టుకుని ప్రార్థన చేస్తుంటే ఆయన విననట్టే అనిపించేదండి. అందుకని రోజూ మీ పేరే చెప్పడం మొదలెట్టాను, మేష్టారిని చల్లగా చూడు అని. మొదట్లో మాటవరసకే అనేదాన్నండి, మనసులో లేదు. అలా అడగ్గా అడగ్గా, మీరు గుళ్ళో దగ్గినా నాకు దిగులేసేది. అప్పట్నించి దేవుడు మా ఇంట్లో మనిషిలా అయిపోయాడండి."

"అయితే ఇప్పుడు పాడండి" అన్నాను.

నా కోసం ప్రయత్నించింది. రెండు మాటలు పలికి ఆగిపోయి, మళ్ళీ చాట అందుకుంది. "అలవాటు తప్పిపోయిందండి. పోనివ్వండి" అంది.

ఆవిడ నన్ను ఎప్పుడో క్షమించేసింది. కానీ నేను తీసేసుకున్నది తిరిగి ఇవ్వడం నా చేతిలో లేదు. హార్మోనియం మరొకరికి అప్పగించాను. ఎవరూ పెద్దగా బాధపడలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్న కాఫీ అయ్యాక, నా బావమరిది పేరు చెప్పి ప్రార్థన చేస్తున్నాను. మొదటి వారం ఆ పేరు నోటికి రాలేదు. "ప్రభువా" అనేదాకా వచ్చి ఆగిపోయేవాణ్ణి. ఆవిడకి కలిగినంత ప్రేమ నాకు ఇంకా కలగలేదు. కానీ ఒక రోజు, అతని చిన్నప్పుడే తల్లి పోతే అన్నం కలిపి పెట్టి పెంచింది ఈ అక్కేనని గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ నా దుఃఖంలో అతని దుఃఖం నాకు కనబడనే లేదు. ఆ పూట ప్రార్థన మధ్యలోనే ఏడ్చాను. ఎదురుగా కూర్చుని ఎవరో వింటున్నట్టు నాకు అనిపించడం అదే మొదటిసారి. అరవై మూడేళ్ళు వచ్చాయి నాకు. ఇంత ఆలస్యంగా.

గత నెల అతనికి ఫోన్ చేశాను. "నువ్వు ఆసుపత్రిలో అన్న మాట నిజమే" అన్నాను.

అతను, "భోంచేశారా బావగారూ" అని అడిగాడు.

ఆ ఆదివారం భీమవరం నుంచి వస్తానన్నాడు. ఇంకా రాలేదు. నేను రోజూ అతని పేరు చెబుతూనే ఉన్నాను.