ఒక్క చేపనూ ముట్టని వనభోజనాలు

మొన్న ఆదివారం మా ఆవిడతో కూరగాయలకని వెళ్ళి, చేపల కౌంటర్ దగ్గర నిలబడిపోయాను. ఐసు ముక్కల మీద ట్రౌట్ చేపలు వరసగా పేర్చి ఉన్నాయి, అన్నీ ఒకే పొడుగు, ఒకే లావు, ఒకే బూడిద రంగు, అచ్చులో పోసి తీసినట్టు. తొట్లలో మేత వేసి పెంచిన చేపలవి. మా ఆవిడ రెండు తీసుకుందాం, పులుసు పెడతానంది. నాకొద్దన్నాను. ఎందుకొద్దో నేను చెప్పలేదు, ఆవిడ అడగనూ లేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నన్ను ఎక్కడ కదపకూడదో ఆవిడకు బాగా తెలుసు. కానీ ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఇన్నేళ్ళుగా కడుపులో పెట్టుకున్నది ఎవరితోనైనా చెప్పాలనిపించింది. నాతోపాటు ఆ రోజుల్లో ఈ దేశం వచ్చి, నాలాగే జుట్టు నెరిసినవాళ్ళకైతే నా గోడు అర్థమవుతుందని చెబుతున్నాను.

నేను 2001లో అమెరికాలోని మోరిస్‌విల్ వచ్చేనాటికి అక్కడ మనవాళ్ళు ఇంతమంది లేరు. ఎటు చూసినా పైన్ చెట్లు, మధ్యలో ఆఫీసులు, కరివేపాకు కావాలంటే ఒకే ఒక్క కొట్టు, అది కూడా శుక్రవారం సాయంత్రం వెళితేనే దొరికేది. ఆఫీసులో నా పక్క క్యూబికల్‌లో ఒక అమెరికన్ పెద్దాయన ఉండేవాడు. అందరూ గోడకు పెళ్ళాం పిల్లల ఫొటోలు అంటించుకుంటే ఈయన ఒక చేప ఫొటో అంటించుకున్నాడు. అది జానెడు కూడా లేదు. మాది కైకలూరు వైపు. చేపల గురించి నాకు చెప్పేవాడెవడని నాకొక పొగరుండేది. దీనికింత ఫొటో ఎందుకండీ, మా ఊళ్ళో ఇంతటివి పిల్లులకు వేస్తామని ఒకరోజు వేళాకోళం చేశాను. ఆయన కోప్పడలేదు. శనివారం ఖాళీయేనా అని అడిగాడు.

పడమర కొండల్లోకి రెండున్నర గంటల ప్రయాణం. చివర ఒకావిడ పశువుల బీడు, దానికొక గేటు, గేటుకు గొలుసు, గొలుసుకు నంబరు తాళం. ఆ బీడు దాటి అరమైలు నడిస్తే వాగు. వాగంటే ఏదో అనుకునేరు, గట్టిగా దూకితే దాటేయవచ్చు. నీళ్ళలో చెయ్యి పెడితే ఎముక జివ్వుమంది. చేప నోరు చీరుకుపోకుండా ముల్లు నొక్కేసిన చిన్న గాలానికి ఆయన ఈకతో చేసిన దొంగ పురుగును కట్టి విసిరాడు. మూడో విసురుకు చేప పడింది. చెయ్యి తడుపుకుని, నీళ్ళ మీదే పట్టుకుని నాకు చూపించాడు. ఆకుపచ్చటి వీపు మీద మెలికల గీతలు, పక్కల ఎర్రటి చుక్కలు, ఒక్కొక్క చుక్క చుట్టూ నీలం అంచు, కింది రెక్కలకు సున్నం గీసినట్టు తెల్లటి గీత. చెప్పొద్దూ, అలాంటి చేపను నేను కైకలూరులో కూడా చూడలేదు. నేను తేరుకునేలోపే దాన్ని నీళ్ళలో వదిలేశాడు. పట్టి వదిలేయడానికా ఇంత దూరం తీసుకొచ్చిందని లోపల నవ్వుకున్నాను.

తరువాత తరువాత తెలిసింది. పెద్ద నదుల్లో దొరికేవి తొట్లలో పెంచి, లారీల్లో తెచ్చి గుమ్మరించే చేపలట. ఇవీ ట్రౌట్ చేపలే గాని అలాంటివి కావు, మనిషి అడుగు పెట్టకముందు నుంచీ ఈ కొండల్లో పుట్టి పెరుగుతున్నవి. చెట్లు నరికి, మట్టి జారి, కింది నీళ్ళన్నీ వేడెక్కి పాడైపోతే, ఇలాంటి పైవాగుల్లో మాత్రం తలదాచుకుని మిగిలాయి. ఆయనా, ఆయనలాంటివాళ్ళు ఇంకో పది మందీ శనివారాలు అక్కడికి వెళ్ళి గట్టున మొక్కలు నాటేవాళ్ళు, ఒకప్పుడు నరికిన దుంగలు లాగిన పాత బాట నుంచి బురద కొట్టుకురాకుండా రాళ్ళు పేర్చేవాళ్ళు, నీళ్ళలో థర్మామీటరు పెట్టి రాసుకునేవాళ్ళు. మొదట తోడుకని వెళ్ళాను, తరువాత వాళ్ళు పిలవకపోయినా వెళ్ళాను. అవి గ్రీన్ కార్డు కోసం కళ్ళు కాయలు కాచిన రోజులు, ఈ దేశంలో ఇల్లు కొనాలన్నా ఉద్యోగం మారాలన్నా ఏదో ఒక కాగితం అడ్డం పడేది. ఆ వాగు ఒక్కటే నన్ను కాగితాలడగలేదు. అది నాదనిపించేది, సిగ్గు విడిచి చెబుతున్నాను.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. అక్టోబరు వచ్చిందంటే చలికాలం వెళ్ళేదాకా ఎవరూ నీళ్ళలో కాలు పెట్టకూడదు. ఆ రోజుల్లోనే ఆడచేప తోకతో గులకరాళ్ళను ఊడ్చి, గుంట చేసి, గుడ్లు పెట్టి, మళ్ళీ గులకరాళ్ళతోనే కప్పేస్తుంది. తోమిన గిన్నెలాగా ఆ చోటు తెల్లగా కనబడుతుంది. గుడ్లు శీతాకాలమంతా అక్కడే ఉంటాయి. పెద్దాయన ఏటా నవంబరులో గట్టు మీదే నడుస్తూ ఆ తెల్లటి చోట్లు లెక్కపెట్టి చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. నేనొకసారి తెలియక దిగబోతే కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు. నువ్వు తొక్కబోయింది వచ్చే ఏడాది చేపలను అన్నాడు. మరి రెండేళ్ళకు ఆయన మోకాళ్ళు మొరాయించాయి, గేటు తాళం నంబరు నాకు చెప్పాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళెవరినీ ఇటు రానివ్వనని బీడు గలావిడకు ఆయన మాట ఇచ్చాడట. అదే మాట నా దగ్గర తీసుకున్నాడు. ఆయన దీపావళికి మా ఇంటికొచ్చి, కింద కూర్చుని గారెలు తిని, మా ఆవిడ వెలిగించిన ప్రమిదలను ఒక్కొక్కటీ వంగి చూసి వెళ్ళేవాడు. అంతటి స్నేహం మాది.

ఇక నా నిర్వాకం. 2008లో మన తెలుగువాళ్ళ సంఘానికి నేను కార్యదర్శిని. కార్తీక వనభోజనాలు ఏటా ఊళ్ళో పార్కులో కప్పు వేసిన షెల్టర్‌లోనే జరిగేవి. ఒకాయన చలికి గరాజ్‌లో దాచుకుంటూ పెంచిన ఉసిరి మొక్కను కుండీతో సహా తెచ్చి బల్ల మీద పెడితే, దాని చుట్టూ పేపర్ ప్లేట్లు పట్టుకుని కూర్చునేవాళ్ళం. పక్కన చెరువుంది గాని దీపాలు వదలనివ్వరు. ఆ ఏడు మీటింగులో అందరూ పార్కును ఆడిపోసుకుంటుంటే నాకు నాలుక దురద పుట్టింది. అడవి నడుమ పారే వాగు, నాకొక చోటు తెలుసన్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది. అంత దూరం ఏ నాలుగు కుటుంబాలో వస్తాయనుకున్నాను. మరునాటికల్లా ఎవరో దారి వివరాలు మెయిల్ గ్రూప్‌లో పెట్టేశారు, తాళం నంబరుతో సహా. ఆ నంబరు మీటింగులో చెప్పింది మరెవరో కాదు, నేనే. మా ఆవిడ ఆ రాత్రే అంది, పెద్దాయనకు ఒక మాట చెప్పరాదా అని. చెబితే వద్దంటాడని చెప్పలేదు.

ఇరవై కార్లకు పైగా వచ్చాయి. ముందుగా అందరినీ నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. ఇది చేపలు గుడ్లు పెట్టే కాలమనీ, నీళ్ళలో దిగవద్దనీ చెప్పాను. అలాగే అలాగే అన్నారు. అన్నట్టే గంటసేపు ఉన్నారు కూడా. అప్పుడు మా తోడల్లుడి తల్లిగారు, నిరుడూ ఈ ఏడూ ఆరేసి నెలలకని ఇండియా నుంచి వచ్చినావిడ, ప్రమిద చేత్తో పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"పారే నీళ్ళలో దీపం వదిలి రెండేళ్ళయింది నాయనా. ఈ దేశంలో బాత్‌టబ్బులో వదులుకుంటున్నాం. ఒక్కటి వదలనీ."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏమనను? సరే అన్నాను. ఆవిడ వెనకాల ఇంకో ముప్ఫై మంది ఆడవాళ్ళు అల్యూమినియం గిన్నెల్లో ఒత్తులు వేసుకుని సిద్ధంగా ఉన్నారు. వాగు ఉరవడికి మొదటి దీపాలు బోల్తా పడ్డాయి. అయ్యో అపశకునమని ఎవరో అన్నారు. మగవాళ్ళు ప్యాంట్లు మడిచి, నీళ్ళు నెమ్మదించే చోట రాళ్ళు పేర్చి చిన్న కట్ట కట్టడం మొదలుపెట్టారు. నీళ్ళు నెమ్మదించే ఆ చోటే, గులకరాళ్ళు పరుచుకున్న ఆ చోటే, చేపలు కూడా ఏరుకునేది. నేను గొణిగాను. మా టీమ్‌లో పనిచేసే వరంగల్ కుర్రాడు నా భుజం తట్టాడు.

"ఏం గాదన్నా, చిన్న కట్టనే గదా. పోయేటప్పుడు తీసేస్తం."

అందరూ నావైపు చూస్తున్నారు. పండుగ పూట గొంతు చించుకుంటే బాగుండదనుకున్నాను. చివరికి ఏం చేశానో తెలుసా? వంగి, గట్టు మీద నుంచి వాళ్ళకు రాళ్ళందించాను. కట్ట లేచింది, దీపాలు నిలిచాయి, ఆడవాళ్ళు మురిసిపోయారు, పిల్లలు బిలబిలమంటూ నీళ్ళలోకి దిగారు. పదేళ్ళ మా అమ్మాయి మోకాలి లోతులో నిలబడి, నారింజ రంగు పొట్టతో రాళ్ళ సందున తిరుగుతున్న ఒక చేపను చూసి కేరింతలు కొట్టింది. తరువాత పులిహోర, గుత్తివంకాయ, పెరుగన్నం. కార్తీకమాసం కనుక ఎవరూ నీసు ముట్టలేదు. చేపల వాగు ఒడ్డున కూర్చుని కూడా ఒక్క చేప జోలికి పోలేదు చూశారా, మన సంస్కారం అదీ అని ఒకాయన మైకు లేకపోయినా మైకులో మాట్లాడినట్టే మాట్లాడాడు. చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. పొద్దు వాలితే ఒడ్డున ఒక్క విస్తరి మిగలకుండా ఏరి సంచుల్లో కట్టుకున్నాం. కట్ట మాట మాత్రం అందరమూ మరిచిపోయాం.

తరువాతి శనివారమే పెద్దాయన లెక్కకు బయలుదేరి, తోడు రమ్మన్నాడు. దారి పొడుగునా చెబుదామని నోరు తెరిచాను, మూశాను. అక్కడికెళ్ళాక ఆయన కట్టను చూసి, తీయబోయిన పుస్తకాన్ని మళ్ళీ జేబులో పెట్టేశాడు. ఏటా ఆ ఒక్క మడుగులోనే ఏడెనిమిది తెల్లటి చోట్లు కనబడేవి. ఇప్పుడు గులకరాళ్ళన్నీ కలగాపులగమై, కట్ట వెనక బురద మెత్తగా పేరుకుని ఉంది. బురద కప్పితే గుడ్లకు ఊపిరాడదు. రాళ్ళు తీద్దామంటే నీళ్ళలో దిగాలి, దిగితే మిగిలినవీ పోతాయి. ఆయన ఒక పొడుగాటి కర్ర తెచ్చి, ఆ పాడు మోకాళ్ళ మీద గట్టున కూర్చుని, ఒక్కొక్క రాయినీ పక్కకు నెట్టాడు. నేనూ నెట్టాను. ఒక రాతి కింద మట్టి ప్రమిద దొరికింది, ఒత్తి ఇంకా అందులోనే ఉంది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. అలాంటివి మా ఇంటి గడప మీద ఎన్నిసార్లు చూశాడో.

ఇది ఎవరిదో నీకేమైనా తెలుసా అని నెమ్మదిగా అడిగాడు. ఆ అడగడంలో కోపం లేదు. నేను చెబుతానని ఎదురుచూస్తున్నాడు, అంతే.

"తెలియదు" అన్నాను.

ఆయన తల ఊపి, ప్రమిదను కోటు జేబులో వేసుకుని, పుస్తకం తీసి ఆ మడుగుకు ఎదురుగా సున్నా చుట్టాడు. తిరుగు ప్రయాణంలో వాన పడుతుందేమో అన్నాడు, పెట్రోలు పోయించుకోవాలన్నాడు. మరో నెలకు నేనొక్కణ్ణే వెళితే తాళం నంబరు మారింది. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ ఏడాది దీపావళి అప్పటికే అయిపోయింది గాని, మరుసటి దీపావళికి ఆయన రాలేదు, మేము పిలవనూ లేదు. తరువాత రిటైరయ్యాడు. కేకు కోసినప్పుడు నాతో కరచాలనం చేశాడు, బాగానే నవ్వాడు. అది తిట్టుకంటే ఎక్కువ నొప్పి పుట్టించింది. ఇంకో మూడేళ్ళకు ఆయన పోయాడని ఆఫీసు మెయిల్ వచ్చింది. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? వెళ్ళలేదు.

మనవాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు లేదు. ఆ పెద్దావిడ చేసిందేముంది, దీపం వదిలింది. గుడ్లు ఆ గులకరాళ్ళ కిందే ఉంటాయని ఆ కుర్రాడికేం తెలుసు? తెలిసి రాళ్ళందించినవాణ్ణి నేను. తెలిసి తెలియదన్నవాణ్ణి నేను. ఆ రెండో ముక్క అనకుండా ఉంటే, ఆయన నన్ను నాలుగు చీవాట్లు పెట్టి మళ్ళీ వాగుకు తీసుకెళ్ళి ఉండేవాడేమో.

2015లో మా అమ్మాయి కాలేజీ అప్లికేషన్ల హడావుడిలో ఉంది. ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"నాన్నా, నా ఎస్సే కొంచెం ప్రూఫ్‌రీడ్ చేస్తావా? కామాస్ ఓకేనా చూడు చాలు."

చదివాను. పదేళ్ళప్పుడు ఒక కొండవాగులో నారింజ పొట్ట చేపను చూసిన రోజు గురించి రాసింది. ఆ చేపల గురించి తనకు చెప్పింది నాన్నేననీ, ఆ రోజు మనవాళ్ళంతా ఒక్క ప్రాణికీ హాని చేయకుండా ఆ వాగు ఒడ్డున పండుగ చేసుకున్నారనీ, నీళ్ళను కాపాడే చదువు చదవాలన్న కోరిక తనకు అక్కడే పుట్టిందనీ రాసింది. కళ్ళు మసకబారితే అద్దాలు తుడుచుకున్నాను. రెండు కామాలు సరిచేసి ఇచ్చాను. చాలా బాగుంది తల్లీ అన్నాను. ఒకసారి మళ్ళీ ఆ వాగుకు వెళదామా అని అడిగింది. దారి మరిచిపోయానన్నాను.

కాలం ఎంత మారిపోయిందో. ఇప్పుడు మన సంఘం పిల్లలే చేతులకు తొడుగులేసుకుని ఏళ్ళలో చెత్త ఏరుతున్నారు, ఏ నెలలో ఎక్కడ దిగకూడదో పెద్దవాళ్ళకు వాళ్ళే చెబుతున్నారు. మా అమ్మాయి ఆ చదువే చదివి, ఆ ఉద్యోగమే చేస్తోంది. చేపలు ఎక్కడ గుడ్లు పెడతాయో, అక్కడ కాలు పెడితే ఏమవుతుందో కాలేజీ పిల్లలకు పాఠం చెబుతోంది. అప్పట్లో మనవాళ్ళందరిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు తనకు నాకంటే ఎక్కువే తెలుసు, ఆ రోజు తను నిలబడింది ఆ గులకరాళ్ళ మీదేనన్న ఒక్క సంగతి తప్ప.