మేస్త్రి నింపిన ట్యాంకు

ఆ వీధిలో అందరూ ఆమెను మేస్త్రమ్మ అనేవాళ్ళు. ఆమె మేస్త్రి కాదు, ఆమె భర్త చెట్లు కోసే మేస్త్రి. ఆయన్ని మాత్రం జనం వెనకాల నిమ్మళం మేస్త్రి అనేవాళ్ళు. ఎంత పెద్ద చెట్టు కింద నిలబడినా, కొమ్మ ఎవరి గోడ మీదికి వంగినా, "నిమ్మళంగా, నిమ్మళంగా" అనడం ఆయన అలవాటు. ఆ మాట తన ముందే అన్నా నవ్వేవాడు తప్ప కోపం తెచ్చుకునేవాడు కాదు.

పద్నాలుగేళ్ళ కిందట మేస్త్రి మోటారు రంపం కొనడానికి వెళితే, షాపాయన ఆ రోజు మిషన్ చేతికివ్వలేదు. "ముందు మీ ఇంట్లో ఆకురాయి పట్టే చెయ్యి ఎవరిదో చెప్పు" అన్నాడు. మేస్త్రి తన చెయ్యే చూపించాడు. షాపాయన ఒక పాత రంపం చైను, ఆకురాయి ఇచ్చి దాని పళ్ళు రుద్దమన్నాడు. మేస్త్రి బలం చూపించి నాలుగు పళ్ళు పాడుచేశాడు. "ఈ చేతులు చెట్లకు సరే, పళ్ళకు పనికిరావు. ఇంకెవరున్నారు?" అని అడిగాడు షాపాయన. మర్నాడు మేస్త్రి భార్యను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

ఆమె చదువు మూడో తరగతితో ఆగిపోయింది. షాపాయన స్టూలు మీద కూర్చోబెట్టి చైను ముందు పెట్టాడు. "చూడమ్మా, ముందుకు తోసేటప్పుడే ఆకురాయి కొరకాలి. వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తెయ్యి. పంటికి మూడు తోపులు. ఒక పక్క పళ్ళన్నీ అయ్యాక తిప్పి రెండో పక్క. ఒక పక్క మూడు, ఇంకో పక్క ఐదు తోశావనుకో, రంపం కోసుకుంటూ కోసుకుంటూ పక్కకు పోతుంది." కోస్తున్నప్పుడు రవ్వలు రవ్వలుగా పొట్టు ఎగిరితే పదును ఉన్నట్టనీ, పిండిలా రాలితే మొద్దుబారినట్టనీ చెప్పాడు. చివర ఇంకో మాట చెప్పాడు. "పదిహేను రోజులు పని లేదనుకో, ట్యాంకులో పెట్రోలు వంచేసి పెట్టాలి. నూనె కలిపిన పెట్రోలు నిలవుంటే లోపల జిగురు కడుతుంది."

అప్పటినుంచి రోజూ సాయంత్రం మేస్త్రి కాళ్ళు కడుక్కునేలోపు ఆమె చైను విప్పి, వంటింటి గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని పదును పెట్టేది. మూడుకు మూడు. అన్నేళ్ళలో ఒక్కరోజు లెక్క తప్పలేదు.

రంపం మొండికేసింది లేకపోలేదు, నాలుగైదుసార్లు మొండికేసింది. కానీ మేస్త్రి ఏ రోజూ ఒక్క పూట కంటే ఎక్కువ పని ఆపి కూర్చోలేదు. షాపాయన దగ్గర పొడుగాటి పుస్తకం ఒకటి ఉంది. తను అమ్మిన ప్రతి మిషన్ నంబరూ, దానికి ఏ రోజు ఏం మార్చాడో అందులో రాసి ఉంటుంది. ఆ రకం రంపం తయారీ ఆగిపోయిందని తెలిసినప్పుడు, దొరికిన సామాను దొరికినట్టు తెచ్చి సొరుగుల్లో దాచాడు. "మీ మిషన్‌కి నా కంటే ఎక్కువ ఆయుష్షు ఉంది మేస్త్రీ" అని నవ్వేవాడు.

మిషన్‌కి ఉంది. మేస్త్రికే లేకపోయింది.

పది నెలల కిందట ఒక పొద్దున ఆయన పెట్రోలులో నూనె కలిపి, ట్యాంకు నిండా పోసి, మూత బిగించి, మంచినీళ్ళు అడిగి గడప మీద కూర్చున్నాడు. ఆమె గ్లాసుతో వచ్చేసరికి గోడకు తల ఆనించి ఉన్నాడు. నిద్రపోయాడనుకుంది. ఆయన ఏం చేసినా నిమ్మళంగానే చేస్తాడు.

ఆ తర్వాత రంపాన్ని ఆమె ఎవరినీ ముట్టనివ్వలేదు. వారానికొకసారి అటక మీంచి దించి తుడిచేది. చైనుకు నూనె రాసేది. పదునుగానే ఉన్న పళ్ళను వేలితో తడిమి మళ్ళీ పైన పెట్టేది. ఒక్క పెట్రోలు మాత్రం వంచలేదు. షాపాయన చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. గుర్తుండే వంచలేదు. అది ఆయన ఆఖరున చేతులారా కలిపిన పెట్రోలు. కాలవలో పారబొయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు.

మేస్త్రి తమ్ముడు అన్న దగ్గరే పని నేర్చుకున్నాడు. వదినను రంపం అడగడానికి నోరు రాక, ఫోనులో బొమ్మ చూసి ఒక కొత్త మిషన్ తెప్పించుకున్నాడు. చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉంది. బాగుచేసేది ఎవరని ఆమె అడిగితే, "కొత్తది ఎందుకు పాడవుతుంది వదినా" అన్నాడు.

ఒకరోజు పొద్దున్నే అతను మేస్త్రమ్మ ఇంటి వెనక పెరట్లో చెట్టు కొట్టడం మొదలుపెట్టాడు. చెట్టు లోపల గుల్లబారి, పక్కింటి టైలరమ్మ కుట్టుగది రేకుల వైపు ఒరిగింది. మధ్యాహ్నానికి పెద్ద గాలి వస్తుందని రేడియోలో చెబుతున్నారు. అతను పద్ధతి ప్రకారమే చేశాడు. ఖాళీ స్థలం వైపు లాగి తాడు కట్టాడు. ఆ వైపు చెట్టు మొదట్లో నోరు తెరిచినట్టు కోత పెట్టాడు. తర్వాత వెనకవైపు నుంచి కొయ్యడం మొదలుపెట్టాడు. సగం దాకా వచ్చేసరికి కొత్త మిషన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మిషన్ స్టార్టు తాడు లాగితే లోపల గలగలమని ఏదో విరిగిన చప్పుడు.

అతను అమ్మినవాళ్ళకు ఫోను చేశాడు. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని ఒక ఆడగొంతు చెప్పింది. తర్వాత సంగీతం. తర్వాత మళ్ళీ అదే గొంతు.

"మనం ఆవిడకి ఎంతో ముఖ్యమంట" అంది టైలరమ్మ, గోడవతల నుంచి. అప్పటికే ఇంట్లోవాళ్ళను బయటికి పంపేసి, కుట్టుమిషన్లు వరండాలోకి లాక్కుంటోంది. "అన్నా, ఆవిణ్ణే వచ్చి చెట్టు పట్టుకోమను."

మరిది నవ్వలేదు. సగం కోసిన చెట్టు, లోపల గుల్ల, పైన గాలి. తాడు ఎంతసేపు ఆపుతుందో చెప్పలేం. చేతిరంపంతో పూర్తిచెయ్యాలంటే దాని కింద గంటసేపు నిలబడాలి. అది ఏ క్షణాన ఎటు తిరుగుతుందో ఆ గుల్లకే తెలియాలి. మేస్త్రమ్మ అతని మొహం చూసింది. లోపలికి వెళ్ళి, రంపం దించి తెచ్చి అతని ముందు పెట్టింది.

అతను వదిన మొహంలోకి ఒకసారి చూసి, రంపం స్టార్టు తాడు అందుకున్నాడు. పది లాగులు, ఇరవై లాగులు. చెమటలు పట్టాయి గానీ రంపం ఉలకలేదు, పలకలేదు.

ఆమె షాపాయనకు ఫోను చేసి సంగతి చెప్పింది. ఆయన మిషన్ నంబరు అడిగితే చూడకుండా చెప్పింది. వారం వారం తుడిచిన నంబరు. అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"దొరికిందమ్మా. మేస్త్రి మిషనే కదా. పెట్రోలు ఎప్పుడు పోశారు?"

ఆమె ట్యాంకు మూత వైపు చూసింది. "ఈమధ్యేనండీ అన్నయ్యగారూ."

"అయితే ప్లగ్గు అయ్యుంటుంది. నేనే వస్తున్నా. మీ మరిదిని చెట్టు దగ్గరికి పోవద్దను."

అరగంటలో వచ్చాడు. తల పూర్తిగా నెరిసింది, చేతిలో అదే పాత పెట్టె. పలకరింపులు పెట్టుకోకుండా కింద కూర్చుని ప్లగ్గు మార్చాడు, గాలి ఫిల్టరు దులిపాడు. తాడు లాగాడు. ఉలకలేదు. మళ్ళీ లాగాడు. చైను మీద వేలు పెట్టి చూసి, "పదును మాత్రం నిన్న పెట్టినట్టుంది" అన్నాడు. తర్వాత కళ్ళద్దాలు పైకి తోసి ఆలోచనలో పడ్డాడు.

అప్పుడే మొదటి గాలి తెర వచ్చింది. చెట్టు మొదట్లో టప్పున ఏదో చిట్లింది. టైలరమ్మ చేతిలో గుడ్డల మూట జారిపోయింది.

మరిది చేతిరంపం తీసుకుని లేచాడు. "ఇంక కుదరదు వదినా. గాలి ముదరకముందే కానిచ్చేస్తా."

"ఆగవయ్యా" అన్నాడు షాపాయన.

"ఎందాకా ఆగను? అన్నయ్య ఉన్నన్నాళ్ళూ ఎవరి ఇంటిమీదా ఒక రెమ్మ పడలేదు. ఇప్పుడు నా చేతిమీదుగా పడాలా?"

అతను నాలుగు అడుగులు వేశాడు. వెనకనుంచి చూస్తే అచ్చం అన్న నడకే. పది నెలలుగా నోట్లో నాలుక లేనట్టు బతికిన మేస్త్రమ్మ, ఆ పెరడంతా వినపడేలా అంది:

"అది ఆయన పోసిన పెట్రోలు."

మరిది ఆగిపోయాడు. షాపాయన తలెత్తాడు.

"ఆ రోజు పొద్దున పోశారు. నేను వంచలేదు. మీరు చెప్పింది గుర్తుంది అన్నయ్యగారూ. గుర్తుండే వంచలేదు. ఇందాక మీతో అబద్ధం చెప్పాను."

తిడతాడనుకుంది. తిట్టినా బాగుండుననుకుంది. షాపాయన ట్యాంకు మూత తిప్పి వాసన చూశాడు. పాత వార్నీషు వాసన. ఆయన మొహంలో బిగువు పోయి తేలికపడింది.

"ఇదా సంగతి. బతికించావమ్మా. ఇంజనుకేమీ కాలేదు. రోగం తెలిసింది, ఇక మందు తేవడమే." ఫోను తీసి షాపులో ఉన్న కూతురికి చెప్పాడు. "అమ్మాయ్, రెండో సొరుగు, ఎడమ పక్క, నీలం డబ్బా. కార్బురేటరుకి వేసే రబ్బరు పొరలు, పెట్రోలు గొట్టం. అలాగే ఇప్పుడే కలిపిన పెట్రోలు ఒక సీసా. స్కూటరు మీద రా. ఎక్కడా ఆగకు." ఫోను పెట్టేసి మరిదితో అన్నాడు. "పావుగంట."

"ఈలోపు పడితేనో?"

"పడితే రేకులు పడతాయి. టైలరమ్మా, రేకులు పోతే ఏడుస్తావా?"

"ఏడుస్తానండీ. కానీ మనిషి పోతే ఇంకా ఎక్కువ ఏడవాలి, నాకంత తీరిక లేదు. మూడు జాకెట్లు ఇవ్వాలి" అంది టైలరమ్మ.

మేస్త్రమ్మ వెళ్ళి మరిది చేతిలోంచి చేతిరంపం తీసుకుంది. "ఈ ఇంట్లోంచి ఒక మనిషి పోయాడు, చాలు. నిమ్మళంగా కూర్చో." ఆ మాట ఆమె నోట వచ్చాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అతను అరుగు మీద కూర్చున్నాడు.

పావుగంట అన్నది పన్నెండు నిమిషాలకే వచ్చింది. ఆ పిల్ల హెల్మెట్టు కూడా తియ్యకుండా డబ్బా అందించింది. ఈలోపు షాపాయన పాత పెట్రోలు ఒక సీసాలోకి వంచి, కార్బురేటరు విప్పి పెట్టుకున్నాడు. లోపలి రబ్బరు పొర ఎండిన అరటాకులా పెళుసుగా ఉంది. సందుల్లో పచ్చటి జిగురు. తుడిచాడు, ఊదాడు, కొత్త పొర వేశాడు, గొట్టం మార్చాడు, కొత్త పెట్రోలు పోశాడు. ఆయన చేతులు తొందరపడలేదు. ఒక్క మర కూడా కింద పడలేదు.

మొదటి లాగుకు దగ్గింది. రెండో లాగుకు పొగ వదిలింది. మూడో లాగుకు అందుకుంది.

పది నెలల తర్వాత ఆ చప్పుడు వినగానే మేస్త్రమ్మ గుమ్మం పట్టుకుంది. వీధిలో అందరికీ తలనొప్పి తెప్పించే చప్పుడది. ఆమెకు మాత్రం, పని నుంచి ఇంటికొచ్చిన మనిషి గొంతులా వినిపించింది. షాపాయన స్క్రూడ్రైవరుతో చిన్నగా ఒక మర తిప్పి, చప్పుడు సమంగా అయ్యేదాకా చెవిపెట్టి, మరిది చేతికిచ్చాడు.

మరిది చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు, తాడు బిగువు చూసుకున్నాడు, వెనక్కి పరిగెత్తే దారిలో చెక్కలు తీసేశాడు. తర్వాత రంపం ఆనించాడు. పొట్టు రవ్వలు రవ్వలుగా ఎగిరింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చెట్టు మూలిగింది, అతను వెనక్కి తప్పుకున్నాడు, ఖాళీ స్థలంలోకి పెద్ద చప్పుడుతో పడిపోయింది. కొమ్మల దుమ్ము మాత్రం కుట్టుగది రేకుల మీద కాస్త రాలింది.

టైలరమ్మ రేకుల వైపు చూసి అంది, "అన్నా, ఆ దుమ్ము ఎవరు ఊడుస్తారు?" అందరూ ఒక్కసారిగా నవ్వారు. మేస్త్రమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

టీ తాగి లేస్తూ షాపాయన పాత పెట్రోలు సీసా ఆమెకు ఇచ్చాడు. ఆమె తీసుకోవడానికి జంకింది.

"పారబొయ్యమనడం లేదమ్మా. ఇంజనులోకి పనికిరాదు గానీ చైను కడుక్కోవడానికి పనికొస్తుంది. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకు." పుస్తకంలో రాసుకోవడానికి తేదీ ఒక చీటీ మీద వేసుకుంటూ అడిగాడు. "ఇకమీదట ఈ మిషన్ ఎవరి పేరున రాయమంటావు?"

ఆమె మరిది వైపు చూసింది. అతను తల వంచుకుని తన కొత్త మిషన్‌ని కాలితో పక్కకు నెడుతున్నాడు.

"వీడి పేరున రాయండి. కానీ సాయంత్రం అయ్యేసరికి చైను నా దగ్గరికి రావాలి. వీడి చేతులు కూడా అన్న చేతుల్లాంటివే. పళ్ళు పాడుచేస్తాడు."

"నేనేం చేశాను వదినా?" అన్నాడు మరిది.

"ఏం చెయ్యకముందే చెబుతున్నా."

అనుకున్న గాలి మధ్యాహ్నం వచ్చింది, కిటికీ రెక్కలను టపటపా కొట్టింది, వెళ్ళిపోయింది. సాయంత్రం ఆమె వంటింటి గుమ్మం దగ్గర వెలుతురులో పీట వేసుకుంది. పాత పళ్ళెంలో సీసాలోది కొంచెం పోసి చైను నానేసింది. పది నెలలు ట్యాంకులో కదలకుండా ఉన్న పెట్రోలు చైనుకు పట్టిన మట్టినీ జిగురునీ వదలగొట్టి నల్లబడింది. ఆమె చైను తీసి గుడ్డతో తుడిచింది. ఆకురాయి అందుకుంది. ముందుకు తోసింది, పైకెత్తింది. ఒకటి, రెండు, మూడు. తర్వాతి పంటికి జరిగింది.