తిరిగి పెరుగుతుందని మామకు చెప్పాను

మా కింది ఇంటి మామ పోయారు. ఆదివారం పొద్దున అత్త ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "మామ పోయినారు పాపా" అంది.

మాకు చుట్టరికం లేదు. యానాం నుంచి ఉద్యోగానికి పుదుచ్చేరి వచ్చి, కోసపాళయంలో వాళ్ళ మేడమీది గదిలో అద్దెకు దిగినదాన్ని. మొదటిరోజే మామ నా మాట విని, "మీ గోదారి తెలుగు బలే సాగుతుందే, మాది కురచ" అని ఏడిపించారు. మామ దర్జీ. బడి పిల్లల యూనిఫారాలు కుట్టేవారు. ఏటా వచ్చే పిల్లవాడికైనా మళ్ళీ కొలత తీయాల్సిందే. పాత కొలత ఉందిగా అంటే, "నిరుటి పిల్లోడు వేరే, ఈడు వేరే" అనేవారు.

పేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక గండం గడిచిందనుకున్నాం. తర్వాత స్కానులో కాలేయం మీద, కుడివైపు, రెండు మచ్చలు కనిపించాయి. ఇంగ్లీషు వచ్చని డాక్టరు దగ్గరికి నన్ను తీసుకెళ్ళారు. ఆ భాగం కోసేయవచ్చు, మిగిలింది మళ్ళీ పెరుగుతుంది, ఆలస్యం మాత్రం చేయొద్దు అన్నాడు డాక్టరు. నేను మామ మొహం చూసి, పెరుగుతుందన్న మాటే నాలుగుసార్లు చెప్పాను. ఆలస్యం మాట ఒక్కసారి, అదీ మెల్లగా.

"పెరిగేదే కదా, ఏంది తొందర? బడి తెరిచేలోపల యూనిఫారాలు ఇచ్చేసి పోతాం" అన్నారు మామ. ఆయన ధైర్యం చూసి నేను సంతోషించాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

రెండు నెలలు పోయాయి. ఈలోపు ఆఫీసు బస్సులో కూర్చుని ఫోన్‌లో చదివాను. ఎంత కోస్తారన్నది కాదట, బతకడానికి సరిపడా మంచి భాగం మిగలాలట. మచ్చలు రెండువైపులా ఉంటే ముందు మందులిచ్చి చిన్నవి చేస్తారట, కొందరికి రెండు విడతల్లో కోస్తారట. ఇంత తెలుసుకుని ఏం చేశాను? రెండో స్కానులో మచ్చలు ఎడమవైపుకీ వచ్చేశాయి. మందులకు లొంగలేదు. ఆపరేషన్ కుదరదని డాక్టరు చెప్పినప్పుడు మామకు ఎలా చెప్పాలో తెలియక నీళ్ళు నమిలాను.

"మిగిలే గుడ్డ చాలదు. అంతే గదా పాపా?" అన్నారు ఆయనే.

తలూపాను.

మామ పోయిన పదకొండో రోజు అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నిజం చెప్పు. డాక్టరు చెప్పిన దినమే పోయుంటే మామ ఉండునా?"

అది డాక్టరూ ఖాయంగా చెప్పలేనన్నాడు. ఆ మాటే చెప్పాను.

"నేనే పాపా. పని నిలిపి రా అనకుండా, పక్కన కూసోని గుండీలు కుట్టిస్తి. నేనే పోగొట్టుకుంటిని."

"కాదత్తా, నేను..." అన్నాను. మీకు రాసినంత సులువుగా ఆమెకు చెప్పలేకపోయాను. అత్త కళ్ళు తుడుచుకుని నాకు కాఫీ కలపడానికి లేచింది. వంటింట్లో గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు.