రెండో ఎంటర్

ఆఫీసులో అతన్ని వడ్రంగి అంటారు. చెక్క ముట్టిన మనిషి కాదు; ఇంట్లో మేకు కొట్టాలన్నా అన్నయ్యకు కబురు పెడతాడు. అతను చేసేది కంప్యూటర్ తెర మీద కనిపించే సామాను: పేరు రాసే పెట్టె, తేదీ రాసే పెట్టె, నొక్కే బటన్, కిందికి జారే జాబితా. అతని కంపెనీ రక్తపరీక్షల లాబ్‌లకు ఒక ప్రోగ్రాం, లారీల బుకింగ్‌కు ఇంకొకటి, గోదాములకు మరొకటి తయారుచేసి అమ్ముతుంది. ఏది తెరిచినా అందులో పెట్టెలూ బటన్లూ ఇతని చేతివే. అతను ఒకసారి చేసిపెడితే మిగతా జట్లు తీసుకెళ్లి తమ తమ ఫారాల్లో బిగించుకుంటాయి. ఒక చోట తలుపులూ కిటికీలూ చేసి పదిళ్లకు పంపినట్టే కనుక ఎవరో వడ్రంగి అన్నారు. అది అతుక్కుపోయింది.

ఇలాంటివాళ్ల గురించి రాసేటప్పుడు తెరవెనుక త్యాగమూర్తి అని మొదలుపెట్టడం రివాజు. త్యాగమేమీ లేదు. నెలనెలా జీతం వస్తుంది, కుర్చీకి చక్రాలున్నాయి, మధ్యాహ్నం కునుకు పడితే అడిగేవాడు లేడు. అతనికి ఉన్నదల్లా ఒక పట్టు: ఒక పెట్టె అన్నిచోట్లా ఒకేలా నడవాలి. "మా వరకు కొంచెం వేరేగా" అని ఎవరొచ్చినా తిప్పి పంపేవాడు.

గోదాముల జట్టులో పెద్దావిడ ఒకసారి గట్టిగానే పట్టుకుంది. "లోపల ఒక మీట పెట్టడానికి నీకేం పోయింది? కావలసినవాళ్లు వేసుకుంటారు, అక్కర్లేనివాళ్లు మానేస్తారు."

"ఇవాళ మీకో మీట, రేపు లారీలవాళ్లకో మీట. ఎల్లుండికి మీటలే మిగులుతాయి మేడమ్, పెట్టె మిగలదు."

ఆ మాటలో నిజముంది. కాస్త పొగరూ ఉంది. రెండూ ఒకే నోట్లోంచి వచ్చినప్పుడు విడదీయడం కష్టం.

అతను చేసినవాటిలో ఒక పెట్టెకు మొదటినుంచీ చిన్న లోపం ఉండేది. అందులో రెండు మూడు అక్షరాలు కొట్టగానే కింద పేర్ల జాబితా తెరుచుకుంటుంది. కావలసిన పేరు దగ్గర ఎంటర్ కొడితే ఆ పేరు పెట్టెలోకి వస్తుంది. అంతే, అక్కడే ఆగిపోతుంది. పక్క పెట్టెలోకి వెళ్లాలంటే ఇంకోసారి ఎంటర్ కొట్టాలి. లారీల బుకింగ్ గుమాస్తాలు దీని మీద ఏళ్ల తరబడి సణిగారు. ఒక్కో బుకింగ్‌లో ఊళ్ల పేర్లూ సరుకుల పేర్లూ కలిపి అలాంటి పెట్టెలు చాలా ఉంటాయి మరి. చివరికి అతను కూర్చుని సరిచేశాడు. ఇప్పుడు ఒక్క ఎంటర్ చాలు. పేరూ వస్తుంది, పక్క పెట్టెలోకీ దూకుతుంది. కొత్త వెర్షన్ అందరికీ వెళ్లింది. లారీలవాళ్లు ఫోన్ చేసి బాగుందన్నారు. అతని ఉద్యోగంలో ఎవరైనా అలా ఫోన్ చేయడం అదే మొదలు. ఆ సంగతి భార్యకు చెప్పాడు, అన్నయ్యకు చెప్పాడు, లిఫ్టులో కలిసిన పక్కింటాయనకు కూడా చెప్పాడు.

కొన్నాళ్లకు ఒక ఆదివారం అన్నయ్య ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. అన్నయ్య స్కూలు బస్సు నడుపుతాడు. వదిన రక్తపరీక్షల లాబ్‌లో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. లాబ్ తెరిచిన నాటినుంచీ ఆ కుర్చీ ఆమెదే. వచ్చినవాళ్ల పేరు, వయసు, ఫోను, చేయవలసిన పరీక్ష టైపు చేసి లోపలికి పంపాలి. ఆ ప్రోగ్రాం మరిదిగారి కంపెనీదే. కంప్యూటర్ మొరాయించిన రోజున మరిది ఎదురుపడితే ఆమె వదిలేది కాదు. ఆ రోజు మాత్రం వేళాకోళమేమీ లేదు. గిన్నెలు బల్ల మీద కాస్త చప్పుడుగా దిగాయి.

"ఏమైంది వదినా?"

"ఏమీ కాలేదు. తిను."

అన్నయ్య చెప్పాడు. "కౌంటరు నుంచి తీసేస్తారట. వచ్చే నెల నుంచి వెనక గదిలో కూర్చుని ట్యూబులకు చీటీలు అంటించాలట."

"అదేంటి?"

"తప్పులు పోతున్నాయట," అంది వదిన. "షుగరు పరీక్షకు తినొచ్చినవాళ్లను ఖాళీ కడుపుతో వచ్చారని కొడుతున్నానట. నేను అడుగుతాను మరిదీ. ప్రతివాళ్లనీ అడుగుతాను. తిన్నామంటే తిన్నారనే కొడతాను. రిపోర్టు బయటికొచ్చేసరికి ఖాళీ కడుపు అని ఉంటోంది."

అది చిన్న తప్పు కాదు. తిన్నాక షుగరు పెరగడం మామూలే. అదే అంకె ఖాళీ కడుపుదని రాసి ఉంటే డాక్టరు కంగారుపడతాడు. ఒక పెద్దాయనకు అలాగే మాత్ర పెంచారు. ఆయన ఇంట్లో కళ్లు తిరిగి కూలబడ్డాడు. తేరుకున్నాడు కానీ, కొడుకు వచ్చి కౌంటరు ముందు నిలబడి వదినను నలుగురిలో కడిగేశాడు.

"పక్క కుర్చీలో కొత్తగా చేరినామెకు ఒక్క తప్పూ పోవడం లేదట," అన్నాడు అన్నయ్య. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు, ఊరుకోవడమూ రాదు.

"అవును. ఆవిడకు కళ్లున్నాయి, నాకు పోయాయి."

"స్క్రీను చూసి కొట్టాలి కదా వదినా," అన్నాడు వడ్రంగి.

గరిటె గాల్లో ఆగింది. "సూదంటే వణుకుతూ వచ్చినవాడు నా మొహం చూస్తాడు. వాణ్ణి వదిలేసి నీ పెట్టెలు చూడమంటావా? నా వేళ్లకు తెలుసు ఏది ఎక్కడుందో."

"వేళ్లకు తెలిస్తే తప్పులెందుకు పోతాయి?"

"అదే తెలిస్తే నీ చేత చెప్పించుకోవడం ఎందుకు?"

తనవాళ్ల మాట అయినా, అతను లోపల నమ్మింది మాత్రం లాబ్ వాళ్ల మాటే. వయసు పెరుగుతోంది, చూపు తగ్గి ఉంటుంది, అద్దాలు మార్చమందాం అనుకున్నాడు. చదువుకున్నవాళ్లు ఇంట్లోవాళ్లను చూసే తీరు ఎక్కువగా ఇలాగే ఉంటుంది. అయినా ఒకసారి చూసివద్దామని మర్నాడు పొద్దున తిని, షుగరు పరీక్ష వంకతో లాబ్‌కు వెళ్లాడు.

"పేరు?" అంది వదిన, కొత్తవాణ్ణి అడిగినట్టు.

"నా పేరు నీకు తెలీదా?"

"తెలుసని అడక్కపోతే, అడగలేదంటారు. వయసు? ఫోను? తిన్నావా?"

"తిన్నాను."

"ఏం తిన్నావని అడగనులే. నా తోటికోడలి పరువు పోతుంది."

ఆమె చూపు అతని మొహం మీదే ఉంది. వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. అతను వేళ్లను చూడలేదు, విన్నాడు. పరీక్ష పేరుకు రెండు మూడు అక్షరాలు. తరవాత టక్ టక్. ఒక అంకె. మళ్లీ టక్ టక్. అయిపోయింది.

మొదటి టక్ టక్ దగ్గరే అతని చెవులు నిక్కాయి.

లాబ్ ఫారంలో అలా జాబితా తెరుచుకునే పెట్టె ఒక్కటే ఉంది, పరీక్ష పేరుది. దాని పక్కనే తిన్నారా లేదా అన్న పెట్టె, రెండు వరసల్లో ఒకటి ఎంచుకునేది: ఒకటి కొడితే ఖాళీ కడుపు, రెండు కొడితే తిన్నాక. ఆ తరవాత సేవ్ బటన్. పాత పద్ధతిలో రెండో ఎంటర్‌కు ఆమె తిండి పెట్టె దగ్గరికి చేరేది. ఇప్పుడు మొదటి ఎంటర్‌కే చేరుతోంది. రెండోది దాన్ని దాటించి సేవ్ బటన్ మీద దింపుతోంది. అక్కడ ఆమె రెండు కొడుతోంది. బటన్‌కు అంకెలు పట్టవు, ఊరుకుంటుంది. ఆ తరవాతి ఎంటర్‌కు ఫారం సేవ్ అయిపోతోంది. మిగిలిన ఆఖరి ఎంటర్ కొత్త ఫారంలో ఖాళీ పేరు పెట్టె మీద పడుతోంది, అక్కడ ఏ చలనమూ ఉండదు. తెర మీద ఎక్కడా ఎర్రగీత పడదు. అడగని ప్రశ్నకు తిండి పెట్టె తనంతట తానే జవాబు రాసేస్తుంది, మొదటి వరసలో ఉన్నది: ఖాళీ కడుపు. కొత్తగా చేరినామె పాత పద్ధతి ఎరగదు కనుక ఒక్కసారే కొడుతుంది, ఆమెకు తప్పు పోదు.

ఇలా ఎంచుకునే పెట్టె ఏదీ ఖాళీగా ఉండకూడదు, మొదటి వరసను తనే పట్టుకోవాలి అని నియమం పెట్టిందీ వడ్రంగే. ఖాళీ పెట్టె చూస్తే అతనికి పళ్లూడిన నోరు చూసినట్టుండేది.

గుండె చెరువైంది, భూమి గిర్రున తిరిగింది వగైరా ఏమీ జరగలేదు. ముందు కలిగింది ముడి విడిన సంతోషం. ఆ పని చేసేవాళ్లకు అదే ముందు కలుగుతుంది. సిగ్గు దాని వెనకాల నింపాదిగా వచ్చింది.

టీ వేళకు వదినను బయటికి పిలిచి చెప్పాడు. ఆమె గ్లాసు పట్టుకుని అంతా విన్నది.

"అంటే నువ్వు బాగుచేశావు, నేను చెడ్డాను."

"అంతే వదినా."

"నేను తొందరపడుతున్నానేమో, నా బుర్రే పోతోందేమో అని... సర్లే. ఒక్కసారే కొట్టడం ఎంతసేపు నేర్చుకుంటాను? కానీ కుర్చీ పోయాక నేర్చుకుని ఏం చేసుకోను? నా తప్పు కాదని మా లాబ్ యజమానికి ఎవరు చెబుతారు?"

"నేను చెబుతాను. ముందు పెట్టె సరిచేసి వస్తాను."

ఆఫీసులో విషయం చెప్పగానే గోదాముల పెద్దావిడ కుర్చీ వెనక్కి వాల్చింది. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్నారు. మేమడిగితే మీట లేదు, వదినగారికైతే రాత్రికి రాత్రే పెట్టె మారుతుంది."

"మీట కాదు మేడమ్. ఎంచుకునే పెట్టె ఖాళీగా మొదలవుతుంది. మనిషి చెప్పేదాకా ఏదీ పట్టుకోదు, సేవ్ కూడా కానివ్వదు. అందరికీ అదే."

"అంటే మా గుమాస్తాలు ప్రతిదానికీ ఒక కీ ఎక్కువ కొట్టాలి."

"కొట్టాలి."

"తిడతారు."

"తిట్టనివ్వండి."

మేనేజరు అన్నీ విని, సరే, లాబ్‌లకు ముందు పంపండి, మిగతావాళ్లకు తరవాత చూద్దాం అన్నాడు. లాబ్ యజమానికి కంపెనీ తరఫున ఒక ముక్క రాసివ్వమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు. "నోటితో చెప్పుకో. కాగితం మీద పెడితే రేపు ప్రతి లాబూ దాన్ని పట్టుకుని వస్తుంది."

ఆ మాట పిరికిదే, కానీ తెలివితక్కువది కాదు. వడ్రంగి వట్టి చేతులతో వెళ్లాడు.

లాబ్ యజమాని కేకలు వేసే రకం కాదు. మెల్లగా మాట్లాడి పని కానిచ్చుకునే రకం. ఇలాంటివాళ్లతో వేగడం ఇంకా కష్టం. అంతా విని, "మీ వదినగారు కాబట్టి వచ్చారు, మంచిదే" అన్నాడు. "కానీ నాకు అర్థమైంది ఇదీ. ఒకే మెషిను, ఒకే ప్రోగ్రాం. ఒకామె సరిగా కొడుతుంది, ఒకామె తప్పు కొడుతుంది. మెషినుది తప్పెలా అవుతుంది?"

"చేతి అలవాటండీ. పాతవాళ్లకు..."

"నేనూ పాతవాణ్ణే. లాబ్ పెట్టిన కొత్తలో ఆవిడతో పాటు కౌంటరులో కూర్చున్నాను. నాకు పోని తప్పు ఆవిడకెందుకు పోతుంది?"

వడ్రంగి కౌంటరు వైపు చెయ్యి చూపాడు. "ఒకసారి మీరే కొట్టి చూపిస్తారా? నేను ఇప్పుడు సరిచేసింది ఇక్కడ ఇంకా పెట్టలేదు, తప్పు చేయిస్తున్నదే ఉంది."

యజమాని కౌంటరు దగ్గరికి వచ్చాడు. వదిన లేచి కుర్చీ ఇచ్చింది. ఆయన కూర్చుని చొక్కా చేతులు సర్దుకున్నాడు. వరసలో ముందున్న ముసలావిడను పేరడిగాడు, వయసడిగాడు.

"తిన్నారా అమ్మా?"

"తిన్నాను నాయనా. తినకుండా నడవలేను."

ఆయన ఆమె వంకే చూస్తూ తల ఊపాడు. వేళ్లు తమ పని తాము చేశాయి. టక్ టక్. రెండు. టక్ టక్. తరవాత సేవ్ అయిన ఫారం తనే తెరిచి చూశాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. ఖాళీ కడుపు.

వదిన గోడకేసి చూస్తోంది. అప్పుడు ఆమె మొహంలో ఏముందో చూడటం మర్యాద కాదని వడ్రంగి కూడా అటే చూశాడు.

"మీరు కూర్చోండమ్మా," అని యజమాని లేచాడు. మీరు అనడం అలవాటే, అమ్మా అనడం కొత్త. "వెనక గదికి వేరేవాళ్లను చూసుకుంటాను." క్షమించండి అనలేదు. కొంతమందికి ఆ మాట రాదు. వాళ్లు పని మార్చి ఊరుకుంటారు.

కుర్చీ దక్కింది కానీ, వెళ్లిపోయిన రిపోర్టులు అలాగే ఉన్నాయి. కొత్త వెర్షన్ వెళ్లిన నాటినుంచి ఆమె చేతి మీదుగా షుగరు పరీక్షకు వచ్చిన ప్రతివాళ్లకూ ఫోన్ చేసి అడగాలి. యజమాని ఆ పని ఆమెకే అప్పగించాడు. వదిన మరిది వైపు తిరిగింది.

"ఎక్కడికి వెళ్తున్నావు? రెండో ఫోను తీసుకో."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మొదటి నంబరు కలిసింది. "నమస్కారమండీ, లాబ్ నుంచి. మీరు ఆ మధ్య పరీక్షకు వచ్చినప్పుడు తినొచ్చారా, తినకుండా వచ్చారా?"

"ఎవరయ్యా నువ్వు? నిన్న ఏం తిన్నానో నాకు గుర్తులేదు," అని అవతలివాళ్లు పెట్టేశారు. రెండో ఆయన ఇది ఏ రకం మోసమని అడిగాడు. మూడో ఆవిడ తన రోగాలన్నీ మొదటినుంచి చెప్పుకొచ్చి, తిండి సంగతి దగ్గరికి రాకముందే ఎవరో తలుపు కొట్టారని వెళ్లిపోయింది.

వదిన అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "నువ్వు కొట్టు, నేను మాట్లాడతాను," అని మొదటి నంబరే మళ్లీ కలిపింది. "బాబాయ్‌గారూ, కౌంటరు దగ్గర కూర్చుంటాను చూడండి, ఆవిణ్ణి. ఆ రోజు మీరు ఒక్కరే వచ్చారా, పిన్నిగారితో వచ్చారా? ఆవిడతోనా. వచ్చేటప్పుడు దారిలో ఎక్కడైనా ఆగారా? అదీ, అక్కడేమైనా తిన్నారా?"

విని, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, మరిదికి చెప్పింది.

"తిన్నాడు. రెండు కొట్టు."