అట్ట రోడ్డు మీద నా చోటు

మా అమ్మాయి యూకేజీలో చేరిన ఏడాది నాకు ఒక టీచరు మీద అసూయ పుట్టింది. ఆవిడ నాకు చేసిన అపకారమేమీ లేదు. నాకు రావలసిన ప్రశ్నలన్నీ ఆవిడ దగ్గరికి వెళ్లిపోయాయి, అంతే.

అవి తొంభైల చివరి రోజులు. నేను జగ్గయ్యపేటలో ఒక దినపత్రికకు విలేకరిని. ఊళ్లో ఫ్యాక్సు మిషన్లు ఒకటీ అరా ఉన్నా మా వార్తలు మాత్రం బస్సులోనే విజయవాడ వెళ్లేవి. మధ్యాహ్నం రాసినవన్నీ కవర్లో పెట్టి, పైన పత్రిక పేరు పెద్ద అక్షరాలతో రాసి, సాయంత్రం బస్టాండులో విజయవాడ బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ని. ఆయన దాన్ని అద్దం ముందు పడేసుకుని నందిగామ, కీసర మీదుగా తీసుకెళ్తే, అక్కడ మా ఆఫీసు మనిషి అందుకునేవాడు. తెల్లారేసరికి ఆ వార్త అచ్చయి, పేపరు వ్యానులో మళ్లీ మా ఊరే వచ్చేది. వత్సవాయి మిర్చి రైతుల గోడు అయినా, హైవే మీద లారీ బోల్తా అయినా దాని ప్రయాణం ఇదే.

పగలంతా ఊరిని ప్రశ్నలడిగేవాణ్ని గనక, ఇంటికొచ్చాక నన్నెవరైనా ప్రశ్న అడిగితే హాయిగా ఉండేది. "నాన్నా, బల్లి కింద పడదేం?" "నాన్నా, చందమామ మనతో పాటు బస్సెక్కిందా?" మా అమ్మాయి అడగడం ఆలస్యం, జవాబు సిద్ధం. తెలిసినా చెప్పేవాణ్ని, తెలియకపోయినా చెప్పేవాణ్ని. సగం వార్త పంపితే విజయవాడలో వార్తలు దిద్దే డెస్కులో ఊరుకోరు. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది.

"తెలీదని ఒక్కసారన్నా అనరేమండీ?" అని మా ఆవిడ నవ్వేది.

మా అమ్మాయి బడి ఒక అద్దె ఇంట్లో నడిచేది. టీచరు నందిగామ నుంచి రోజూ బస్సులో వచ్చేది. చిన్నపిల్లలకు చెప్పడంలో శిక్షణ పొందిన మనిషి అన్నారు. ఏబీసీడీలు చెప్పించేది గానీ, ఆవిడ అసలు పద్ధతి వేరు. పిల్లల నోట్లోంచి వచ్చిన ఏదో ఒక సంగతి పట్టుకుని, వాళ్లతో పాటే దాని వెంట పడేది. దసరా ముందు వరకూ చీమల వెంట పడ్డారు. వరండాలో ఒక మూల బెల్లం, ఒక మూల ఉప్పు, ఒక మూల ఇడ్లీ ముక్క పెట్టి, దేని దగ్గరికి ఎన్ని చీమలొస్తాయో చూడడం. ఒక చీమ మోసుకెళ్లే మెతుకు వెనక క్లాసు క్లాసంతా గోడదాకా పాక్కుంటూ వెళ్లిందట.

"చీమలు వాసన పట్టి వస్తాయమ్మా, ముందెళ్లిన చీమ..." అని నేను మొదలుపెట్టాను ఒకరోజు, అన్నం తినేటప్పుడు.

మా అమ్మాయి రెండు చెవులూ మూసేసుకుంది. ఒక చేతికి పప్పన్నం ఉంది, అది చెవికి అంటుకుంది. "చెప్పకు నాన్నా! మేం ఇంకా చూస్తున్నాం!"

"మరి నన్నెందుకే అడగవు ఈమధ్య?"

"నువ్వు చెప్పేస్తావ్. టీచరైతే 'ఏమో, చూద్దామా' అంటది."

ఏమో! నా వృత్తిలో 'ఏమో' అన్నవాడి దగ్గరికి రెండోసారి వెళ్లం. మా అమ్మాయి మాత్రం 'ఏమో' అన్న మనిషి కోసం పొద్దున్నే జడలు వేయించుకుని గుమ్మంలో నిలబడేది. సాయంత్రం నేను కవరిచ్చే బస్సులోనే ఆ టీచరు నందిగామ వెళ్లేది. కిటికీలోంచి చూసి నాకు నమస్కారం పెట్టేది. నేనూ పెట్టేవాణ్ని. నా కూతురు ఆ పూట అడిగిన ప్రశ్నలన్నీ ఆవిడ ఒళ్లోని సంచిలో పెట్టుకుని వెళ్లిపోతున్నట్టుండేది నాకు.

దసరా సెలవులయ్యాక ఒకరోజు మా అమ్మాయి ఇంటికొస్తూనే చెప్పింది. క్లాసులో ఒక పిల్లాడు బజ్జీల పొట్లం తెచ్చాడు. ఆ నూనె కాగితం మీద బొమ్మ చూసి ఇంకొకడు, "ఇది మా ఇంట్లో పడే పేపరు" అన్నాడు. పొద్దున్నే పేపరు ఎక్కణ్ణుంచి వస్తుందని మాట పుట్టింది. ఒకరు అంగడి నుంచి అన్నారు, ఒకరు విజయవాడ నుంచి అన్నారు, ఒక పిల్ల గోడ మీంచి అంది, వాళ్లింట్లో అలాగే పడుతుంది గనక.

"టీచరేమంది?"

"చూద్దామంది."

ఇక ఇది నా రోజు అనుకున్నాను. ఊళ్లో పేపరు గురించి చెప్పాలంటే నన్ను కాక ఎవర్ని పిలుస్తారు? మంచి చొక్కా ఒకటి ఇస్త్రీ చేయించి తగిలించాను. చిన్నపిల్లలకు అర్థమయ్యేలా ఏం చెప్పాలో దారిలో నడుస్తూ అనుకునేవాణ్ని.

"పెళ్లిచూపులకి కూడా ఇంత ముస్తాబవలేదు మీరు," అంది మా ఆవిడ.

పిలుపు రాలేదు. ఒకరోజు తెల్లవారుజామున బస్టాండులో పేపరు కట్టలు విప్పుతూ మా ఏజెంటు నన్ను చూసి మీసం దువ్వుకున్నాడు.

"ఏం విలేకరి గారూ, విన్నారా? నిన్న బడికి పిలిచారండి నన్ను. పిల్లలంతా చుట్టూ కూచున్నారు. ఒక పిల్ల నా వేళ్లు వాసన చూసింది, సిరా వాసనొస్తందా లేదా అని. మా అబ్బాయి నా మాటెప్పుడన్నా అంత శ్రద్ధగా విన్నాడా?"

"మీరేం చెప్పారు?"

"ఏం చెప్తా? వ్యానొచ్చిద్ది, కట్ట దించిద్ది, లెక్కేసి సైకిళ్లకి పంచుతా అన్నా. వార్తలెట్టా పోతాయని అడిగారు. బస్సులో కవరు పోద్దమ్మా అన్నా."

"రాసేది ఎవరో చెప్పలేదా?"

"వాళ్లు అడగలేదుగా! అయినా మీరు రాస్తే సరిపోయిందా? నేనెయ్యకపోతే మీ పేపరు ఇళ్లల్లో పడుద్దా?" అని కట్ట మీద చెయ్యి చరిచాడు.

కవరు బస్సులో ఎలా వెళ్తుందో చూడడానికి పిల్లల్ని బస్టాండుకు తీసుకొస్తున్నారని మా అమ్మాయి ద్వారా తెలిసింది. ఆ రోజు పెందలాడే రాసేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కవరు పట్టుకుని బస్టాండుకు వెళ్లాను. పిల్లలింకా రాలేదు. రోజూ ఆగే టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. అప్పుడే మా మిత్రుడొకడు మోటారు సైకిలు మీద వచ్చి, చిల్లకల్లు దగ్గర లారీ బోల్తా పడిందనీ, పత్తి బేళ్లన్నీ రోడ్డు మీదేననీ చెప్పాడు. వెళ్లక తప్పదు. టీ కొట్టాయన చేతిలో కవరు పెట్టి, "విజయవాడ బస్సు డ్రైవరుకివ్వు," అని బండెక్కాను. ఆయన అలా ఎన్నోసార్లు ఇచ్చినవాడే. మా విలేకరులందరికీ ఆ కొట్టు సగం ఆఫీసు.

నేను తిరిగొచ్చేసరికి బస్సూ లేదు, పిల్లలూ లేరు. చొక్కాకు దూది అంటుకుని ఉంది.

కొన్నాళ్లకు తల్లిదండ్రుల్ని బడికి రమ్మన్నారు. మూడు బల్లలు వరసగా కలిపి, వాటి మీద పొడుగాటి అట్టతో రోడ్డు చేశారు. ఒక చివర జగ్గయ్యపేట, మధ్యలో నందిగామ, కీసర దగ్గర మునేరుకు నీలం కాగితం, ఆ చివర విజయవాడ. చెప్పుల పెట్టెతో చేసిన బస్సు. చపాతీ కర్రతో అచ్చు మిషను. వెనక్కొచ్చే వ్యాను. నల్లదారపు మీసంతో ఏజెంటు. ఆయన పక్కనే, చేతిలో తెల్ల కవరు పట్టుకుని బస్సు వైపు చెయ్యి చాపిన టీ కొట్టాయన. కెటిల్ మీద దూదితో ఆవిరి కూడా పెట్టారు.

నేను రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి, మళ్లీ ఇటు వచ్చాను. నేనెక్కడా లేను.

"ఈయన కవరిస్తాడు, బస్సు పట్టుకుపోద్ది," అని ఒక పిల్లాడు వచ్చినవాళ్లకు చెబుతున్నాడు. ఒక తండ్రి టీ కొట్టాయన బొమ్మను చూసి, "ఓహో, ఈయనా వార్తలు పంపేది!" అన్నాడు. ఇటు తిరిగి నన్ను చూసి నవ్వేశాడు.

నేను టీచరు దగ్గరికి వెళ్లాను. గొంతు మామూలుగానే ఉంచాను. "బాగుందండీ. రాసేవాళ్లు లేరేం?"

"పిల్లలు చూసిందే పెట్టారండి. చూడంది పెట్టకూడదని వాళ్లే అనుకున్నారు," అందావిడ. తర్వాత, "అయిపోలేదండి ఇంకా. జిగురుంది," అని నవ్వింది.

చూడంది రాయకూడదు. చేరిన కొత్తలో నాకు డెస్కులో చెప్పిన మొదటి మాట అది. దాన్ని ఆవిడ నోట వినడం నాకు మరీ కష్టంగా తోచింది.

ఇంటికొచ్చేటప్పుడు మా అమ్మాయిని అడిగాను. "వార్తలు రాసేది ఎవరో నీకు తెలీదూ?"

"తెలుసు. నువ్వే."

"మరి?"

"నువ్వు రాయడం నేనెప్పుడూ చూడలేదుగా నాన్నా."

నిజమే. నేను రాసే వేళకు అది బడిలో ఉండేది. ఆ ఆదివారం వేరెక్కడికీ పోకుండా ఇంట్లోనే, వరండాలో చాప వేసుకుని రాయడానికి కూర్చున్నాను. ఒక వీధిలో కుళాయి నీళ్లు రావడం లేదన్న చిన్న వార్త. మా అమ్మాయి వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. మోకాళ్ల మీద గడ్డం ఆనించి, నా చేతినే చూస్తోంది. పెద్దవాళ్లెవరైనా అలా చూస్తుంటే నేను రాయలేను. ఆ రోజు రెండు వాక్యాలు రాసి, నచ్చక, గీత గీసి కొట్టేశాను. మళ్లీ రాసి మళ్లీ గీశాను.

"నాన్నా, రాసినదాని మీద మళ్లీ గీతెందుకు గీశావ్?"

ఎన్ని నెలల తర్వాత వచ్చిన ప్రశ్న! కలం మూత పెట్టేశాను. మొదటి వాక్యంలో ఏముండాలో, జనానికి ముందు ఏది కావాలో, పాత్రికేయ వృత్తి మొత్తం చెప్పాను. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకునేదాకా చెప్పాను.

మా అమ్మాయి ఓపికగా విన్నది. "సరే నాన్నా. రేపు టీచర్ని కూడా అడుగుతా," అని లేచి వెళ్లింది.

ఆ వారం చివర, మా అమ్మాయిని బడిలో దించడానికి వెళ్లినప్పుడు నేను లోపలికి తొంగిచూశాను. అట్ట రోడ్డు ఇంకా బల్లల మీదే ఉంది. జగ్గయ్యపేట చివర, టీ కొట్టాయన వెనకాల, అగ్గిపుల్లలతో చేసిన మనిషి ఒకడు కొత్తగా వచ్చాడు. వంగి కూర్చున్నాడు. ముందు ఒక కాగితం ముక్క, దాని నిండా అడ్డంగా గీతలు. ఏజెంటు మీసం విప్పి పరిస్తే ఈ మనిషి కంటే పొడుగుంటుంది.

"ఈయనెవరమ్మా?" అని బల్ల దగ్గరున్న పిల్లను అడిగాను.

"ఈయన రాస్తాడండి. రాసి దాని మీద గీతలు గీసేస్తాడు," అంది. "మళ్లీ రాస్తాడు. మళ్లీ గీసేస్తాడు. ఎప్పటికో అయిద్ది. అప్పుడు టీ కొట్టు తాతకిస్తాడు."

మా అమ్మాయి తల ఊపింది, చూసినదాన్ని ధ్రువపరుస్తూ. టీచరు కిటికీ దగ్గర నిలబడి జిగురు సీసా మూత బిగిస్తోంది. నాకు దొరికిన చోటు అంతే. టీ కొట్టాయన కెటిల్ మీద ఆవిరి మాత్రం మునుపటి కంటే ఎక్కువైంది. ఎవరో కొత్త దూది పెట్టినట్టున్నారు.