అండాలమ్మ వదిన వేసిన సున్నా

మా ఆడబిడ్డ అండాలమ్మ ఏం పని చేస్తుందని కాలనీలో ఎవరైనా అడిగితే ల్యాబులో పని అని చెప్పి ఊరుకునేదాన్ని. సముద్రం అడుగు మట్టిలో పురుగులు ఏరుతుందంటే, ఎల్‌బీ నగర్‌లో సముద్రమెక్కడిదని నవ్వుతారు. నవ్వేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక మా ఆయన లింగస్వామి పోయినప్పటి నుంచి నాకు లేదు. ఆయన అక్కే ఈమె. దినాలయ్యాక బట్టల సంచితో మన్సూరాబాద్‌లోని మా ఇంటికి వచ్చింది, మళ్లీ పోలేదు. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని ఆ రోజు మట్టి సంగతి చెబుతుంది. మా ఇంట్లో వినబడే మాటలు అవే.

వదిన బడికి పోలేదు. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి ఇరవై ఏళ్లు గడ్డిఅన్నారం మార్కెట్‌లో బత్తాయిలు ఏరింది. కాయను చేతిలో ఒకసారి తిప్పితే చాలు, రేపు కుళ్లేదేదో చెప్పేది. మార్కెట్ అక్కడి నుంచి లేచిపోయాక అంత దూరం పోలేక ఖాళీగా కూర్చుంటే, తెలిసినామె సంతోషి తాను పనిచేసే ల్యాబుకు తీసుకుపోయింది. వాళ్లకు కావలసింది చదువు కాదు, కన్ను.

తీరంలో ఫ్యాక్టరీల నీళ్లు కలిసే చోటికి పడవ మీద పోయి, దవడల్లా మూసుకునే ఇనుప పెట్టెను దించి అడుగు మట్టి తీస్తారట. జల్లెడ పట్టగా మిగిలిన దాంట్లో చెడిపోకుండా మందు, దాంతోపాటు గులాబీ రంగు పోసి డబ్బాల్లో ఇక్కడికి పంపుతారు. కండ ఉన్న దేనికైనా ఆ రంగు పడుతుంది, వట్టి గుల్లకు పట్టదు. వదిన తెల్ల పళ్లెంలో కొంచెం కొంచెం పోసుకుని, లైటున్న భూతద్దం కింద దారప్పోగులాంటి పురుగుల్ని చిన్న చిమ్టాతో ఏరి రకానికో సీసాలో వేస్తుంది. ఎన్ని రకాలు వచ్చాయో చూసి అక్కడి సముద్రపు అడుగు బాగుందో చెడిందో పెద్దవాళ్లు రాస్తారు. పురుగులు కుప్పలుగా ఉన్నా అన్నీ ఒకటే రకమైతే అది మంచి గుర్తు కాదట.

ఏరాక మిగిలిన మట్టిని గౌతమ్ అనే ఎమ్మెస్సీ చదివినతను మళ్లీ చూస్తాడు. ఎక్కువ వదిలేసినట్టు తేలితే షీటులో ఎర్ర గీత పెడతారు. మూడు గీతలు పడితే ఏరే పని నుంచి తీసేసి డబ్బాలు కడగడానికి పంపుతారు. ఆ మందు వాసనకు కళ్లు మండి, చేతులు పొక్కుతాయి. మూడేళ్లలో వదినకు ఒక్క గీత కూడా పడలేదు.

మొన్న ఎండాకాలం ఒక డబ్బాలో ఏమీ దొరకలేదు. రోజంతా చూసి వదిన సున్నా వేసింది. ల్యాబులో వాళ్లందరికీ పెద్ద అయిన శ్రీకళ మేడం ఒప్పుకోలేదు. గుల్లలు అన్ని కనబడుతుంటే బతికినవి ఒక్కటీ లేకుండా ఎట్లా ఉంటుంది, నువ్వే వదిలేశావంది. వదిన రెండోసారి చూసింది. మూడోసారీ చూసింది. అదే సున్నా. మేడం ఎర్ర గీత పెట్టి, కళ్లు చూపించుకో అండాలమ్మా అంది.

ఆదివారం ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్ పోయాం. కళ్లద్దాల షాపతను గంటసేపు కూర్చోబెట్టి చూసి, ఉన్న అద్దాలు సరిగ్గానే ఉన్నాయి, దగ్గర చూపుకు ఢోకా లేదన్నాడు. ఆ మాట కాగితం మీద రాసివ్వమని వదిన పట్టుబట్టింది. మర్నాడు ఆ చీటీ చూసి మేడం, అయితే కళ్లు కాదు, ధ్యాస లేదు, ఇంట్లో చావు జరిగింది కదా అందట. ఆ మాట నాకు చెబుతూ వదిన చేతిలో గిన్నెను ఠక్కున కింద పెట్టింది.

నాకూ మండింది. మా ఆయన రిపోర్టులన్నీ బాగున్నాయని దవాఖానలో చెప్పిన వారానికే ఆయన పోయాడు. బాగుందన్న రిపోర్టును మళ్లీ చూడమని అక్కడ ఒక్కరూ అనలేదు. ఇక్కడ బాగాలేదన్నందుకు మూడుసార్లు చూడాల్సి వచ్చింది.

తర్వాత ఆ డబ్బాను గౌతమ్ ఒక రోజంతా చూశాడు. అతనికీ ఏమీ దొరకలేదు. అప్పుడు సున్నా నిలబడింది. ఏరినవారి పేరు దగ్గర గౌతమ్ అని రాశారు. వదిన మీది గీత తీయలేదు.

పదిహేను రోజులకు అదే చోటి నుంచి ఇంకో డబ్బా వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఇదీ అంతేనని వదినకు అర్థమైంది. పక్క బల్ల మీది సంతోషి మెల్లగా అంది.

“అక్కా, నా సీసల నుంచి రెండు పురుగులు తీస్కోని దాంట్ల ఏస్కో. ఎవలకు ఎరుక? మళ్ల మూడుసార్లు చూసి కండ్లు పోగొట్టుకుంటవా?”

చెడు కోరి అన్నది కాదు. వదిన కూడా ఆ సీసా వైపు కొంచెంసేపు చూసిందట. రెండు పురుగులు పడితే గీత పడదు, పని పోదు.

“ఆడ లేంది ఈడ నేనెట్ల పుట్టిస్తనే?” అని సున్నా వేసి షీటు పట్టుకుపోయింది.

మేడం మళ్లీ చూడమంది. వదిన కదలలేదు.

“నేను చూడ మేడం. చూసిందే ఏసిన. నమ్మకుంటే మీరే కూసోని చూడుండ్రి. మీకొక్కటి దొరికినా రేపటి సంది డబ్బలు కడుగుత.”

“నాతో పందెం కడుతున్నావా అండాలమ్మా?”

“పందెం కాదు మేడం, పరేషాన్.”

మేడం కూర్చుంది. రెండు గంటల్లో నాలుగు పళ్లేలు చూసింది. మెడ పట్టేస్తే లేచి అటూ ఇటూ తిరిగి మళ్లీ కూర్చుంది. వదిన మంచినీళ్లకు కూడా పోకుండా వెనకే నిలబడింది. చివరికి మేడం చిమ్టా కింద పెట్టి, సున్నా పక్కన సంతకం చేసి, ఏరినవారి పేరు దగ్గర ఇంగ్లీషులో ఏదో రాసింది. వదిన దాన్ని సంతోషితో చదివించుకుంది. అండాలమ్మ అనే ఉంది.

ఆ రాత్రి అన్నం కలిపి తినకుండా వదిలేసింది. మొదటి డబ్బా గౌతమ్ పేరు మీద, గీత నా పేరు మీద, ఇదేం లెక్క అంది. ఆ గీత తీయమని మర్నాడు అడిగింది. రెండు నెలలుగా వారానికోసారి అడుగుతూనే ఉంది. షీటు పైకి పోయిందట, ఇక వెనక్కి రాదట.

“నువ్వు ఏడో తరగతి దాంక సదివినవ్ గద, నువ్వన్న రాయి,” అంది నిన్న. “ఆ డబ్బ మూడుసార్లు చూసింది నేనని.”