పిడితో కలిపి కొలిచిన చాకు

మొన్న మా అమ్మాయి పండ్లు కోయడానికని ఇంటర్నెట్‌లో ఒక మడత చాకు తెప్పించింది. అది వచ్చిన అట్టపెట్టె మీద అలుగు పొడవు ఇంత, పిడి పొడవు ఇంత, తెరిస్తే మొత్తం ఇంత అని మూడు కొలతలూ విడివిడిగా అచ్చువేసి ఉన్నాయి. అలుగంటే కోసే భాగమనీ, పిడంటే పట్టుకునే భాగమనీ మన తరం వాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, ఆ మూడు వరుసలు చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. నా ముఖం చూసి అమ్మాయి, చాకు నచ్చకపోతే వాపసు చేద్దామా అని అడిగింది. చాకుదేం తప్పు? ముప్పై ఏళ్ళు ఇనుప సామాను అమ్మినవాడికి ఆ మూడింటికీ తేడా ఉందన్న సంగతి ఒక్క మధ్యాహ్నం గుర్తు రాలేదు, దాని ఫలితం ఇంకొకరు అనుభవించారు.

తొంభైలలో బాన్సువాడలో నా హార్డ్‌వేర్ దుకాణం చుట్టుపక్కల రైతులందరికీ తెలుసు. బీర్కూర్ మా అత్తగారి ఊరు. అక్కడి నుంచి నా భార్య తమ్ముడు, అంటే నా బావమరిది, వారానికి రెండుసార్లైనా బస్సు దిగి వచ్చి గల్లా పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. మా ఇద్దరికీ మాట మాటకూ ఎగతాళే. నా పొట్ట మీద వాడు, వాడి మీసాల మీద నేను విసుర్లు విసురుకుంటుంటే మేకులు కొనవచ్చినవాళ్ళు మేకులు మరచిపోయి నిలబడి వినేవాళ్ళు. వాడు డిగ్రీ చదివి, ఇంటి చెరకు చూసుకుంటూనే బస్సు కండక్టరు ఉద్యోగానికి పరీక్ష రాశాడు, ఎంపికయ్యాడు. కాగితాల పరిశీలన ఒక్కటే మిగిలింది. మా అత్తగారైతే అప్పటికే కొడుక్కి ఖాకీ బట్టలు కుట్టించినంత సంబరంగా ఊరంతా చెప్పుకొచ్చింది.

వాడి అరచెయ్యి చేటంత ఉండేది. దుకాణంలో దొరికే మడత చాకుల పిడి ఆ చేతికి ఆనేది కాదు. చెరకు గడ చెక్కుతుంటే చిటికెన వేలు బయటికి జారి చాకు చేతిలో తిరిగిపోయేది. పిడి చేతిని బట్టి, అలుగు పనిని బట్టి ఉండాలని గిరాకీలకు పాఠాలు చెప్పేవాణ్ణి కదా, మా వీధి వడ్లాయన చేత తుమ్మకర్రతో ఒక పొడుగాటి పిడి వేయించి ఇచ్చాను. అలుగు నాలుగంగుళాలు, పిడి ఆరు పైచిలుకు. మడిస్తే అలుగు గాడిలో సగం దాటి ఆగిపోయేది, మిగిలిన గాడి ఖాళీ. ఇంత పెద్ద ఇల్లు కట్టి ఒక్కణ్ణి కాపురం పెట్టావేమిరా అని నేను వెక్కిరిస్తే, ఇల్లు కట్టించింది నువ్వే కదా బావా అని వాడు నవ్వేవాడు. ఆ చాకు లేకుండా వాడు పొలానికి పోయేవాడు కాదు.

ఆ ఏడు చెరకు నరికే కాలంలో తూకం కాంటా దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. బావమరిది తన లోడు మీద కూర్చుని తీరుబడిగా గడ చెక్కుకుంటున్నాడు. వరసలో అడ్డంగా దూరిన బండి గురించి వెనకాల ఇద్దరు కర్రలతో కొట్టుకున్నారు, ఒకడి తల పగిలింది. పోలీసులు వచ్చి కొట్టుకున్నవాళ్ళతో పాటు చుట్టూ ఉన్నవాళ్ళనూ జీపెక్కించారు. చేతిలో చాకు ఉన్నవాణ్ణి వదిలిపెడతారా? ఆ ఠాణా ఏదో చెప్పను, మా బాన్సువాడది మాత్రం కాదు. కబురు తెలిసి నేను దుకాణం అలాగే వదిలేసి స్కూటరు మీద పోయాను.

వరండాలో నేల మీద కూర్చున్న బావమరిదికి నన్ను చూడగానే ముఖం తేటపడింది. లోపల కాగితాలు రాసే ఆయన పంచనామా మొదలుపెట్టి, అంటే దొరికిన వస్తువును సాక్షుల ఎదుట రాసుకుంటూ, రెండో సాక్షి కోసం వెతుకుతున్నాడు. మొదటి సాక్షి ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయన. నువ్వెవరని ఆ రాసే ఆయన నన్ను అడిగాడు. బావనంటే గెంటేస్తారు, పరాయివాణ్ణంటే లోపల కూర్చోబెడతారు, లోపల ఉంటే ఏదో ఒక సాయం చేయొచ్చు అని ఆ ఒక్క క్షణంలో లెక్క వేసుకున్నాను. వ్యాపారి బుర్ర అలాగే పనిచేస్తుంది.

“బాన్సువాడల హార్డ్‌వేర్ దుకాణం నాది సార్,” అన్నాను.

ఇనుప సామాను మనిషివైతే ఇంకేం, నువ్వే కొలువు అని చాకును నా ముందుకు తోశారు. టేపు ఎప్పుడూ నా జేబులోనే ఉండేది. చాకు తెరిచి, ఈ చివర నుంచి ఆ చివర దాకా టేపు పరిచాను. గడ్డపారైనా పారైనా దుకాణంలో నేను కొలిచే తీరు అదే. పైగా, సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను వేయించిన పిడి అన్న గర్వం కూడా కొంచెం ఉంది. పదింపావు అని గట్టిగా చెప్పాను. ఆయన రాసుకుని గబగబా చదివి వినిపిస్తుంటే, నేను వాకిలి వైపు తిరిగి బావమరిదికి కళ్ళతోనే ధైర్యం చెబుతున్నాను తప్ప ఒక్క ముక్క వినలేదు. చూపించినచోట సంతకం పెట్టాను.

కాగితంలో పదింపావు అంగుళాల అలుగు గల చాకు అని ఉంది. రాసినాయన కావాలనే రాశాడో, నేను చెప్పింది అలుగు కొలతే అనుకున్నాడో నాకు నేటికీ తెలియదు. అలుగు జానెడు, అంటే తొమ్మిదంగుళాలు, దాటితే అది ఆయుధం కింద లెక్క అని వకీలు చెప్పేదాకా నాకు తెలియదు. కొట్టుకున్నవాళ్ళిద్దరూ రెండు నెలల్లో రాజీపడి ఎవరింటికి వాళ్ళు పోయారు. గొడవలో లేని మావాడి మీద మాత్రం కేసు నిలబడింది. కాగితాల పరిశీలనలో అది బయటపడి, కండక్టరు ఉద్యోగం జాబితాలో తర్వాతివాడికి పోయింది.

నేను పోయి తప్పు కొలిచానని చెబుతానంటే వకీలు వద్దన్నాడు. చుట్టరికం దాచి సంతకం పెట్టావు, ఇప్పుడు నోరు విప్పితే బావ కాబట్టి అబద్ధమాడుతున్నాడంటారు, విచారణ వచ్చేదాకా ఆగమన్నాడు. ఆ మాటతో నాకు దుఃఖం కన్నా ముందు హాయి కలిగింది, అదే నన్ను ఇప్పటికీ కాల్చుకు తింటుంది. విచారణ వచ్చేసరికి కొత్త శతాబ్దం వచ్చి కొన్నేళ్ళయింది. అన్నాళ్ళూ బావమరిది ప్రతి వాయిదాకూ పని మానుకుని పోయి నిలబడేవాడు. వచ్చే దారిలో నా దుకాణం ముందు నుంచే పోయేవాడు, లోపలికి రావడం మాత్రం మానేశాడు. నా భార్య అయితే తమ్ముడి సంగతి నా ఎదుట ఎత్తడమే మానేసింది.

చివరికి ఒక రోజు జడ్జిగారు ఆ చాకు చూపించమన్నారు. లక్క ముద్రలు వేసిన గుడ్డ మూట విప్పితే తుప్పుపట్టి తెరుచుకోలేదు. బంట్రోతు పెనుగులాడి తెరిచాడు. స్కేలు పెట్టి అలుగు వరకే కొలిస్తే నాలుగంగుళాలు. కాగితంలో ఉన్నది పైకి చదివితే హాల్లో ఎవరో నవ్వారు. సాక్షి బోనులో నిలబడి, పిడితో కలిపి కొలిచింది నేనేనని ఒప్పుకున్నాను. కేసు పది నిమిషాల్లో పోయింది. కానీ అప్పటికి సర్కారు నౌకరీకి వాడి వయసు దాటిపోయింది.

బయట మెట్ల మీద వాడి భుజం మీద చెయ్యి వేయబోయాను. వాడు నెమ్మదిగా జరిగాడు, గొంతు కూడా పెంచలేదు.

“కొలత తప్పయిందంటే నేనేమనకపోదును బావా. గా పొద్దు నన్ను జూసుకుంటనే, నువ్వెవరని అడిగితే దుకాణం పేరు జెప్తివి. ఈడు నా బావమరిది అని ఒక్క మాట అనకపోతివి.”

సాయం చేద్దామనే దాచానన్న జవాబు ఏళ్ళ తరబడి నా నాలుక మీదే ఉంది. ఆ మెట్ల మీద మాత్రం, నిజంగా సాయం కోసమే దాచానో, ఠాణాలో నేల మీద కూర్చున్నవాడితో చుట్టరికం చెప్పుకోవడానికి బెదిరానో నాకే తేలలేదు.

ఇప్పుడు ఠాణాల్లో ప్రతిదీ ఫోన్లో వీడియో తీస్తారట, మంచిదే. దవాఖానకు పోయినా బ్యాంకుకు పోయినా ఏమవుతారని ముందే అడిగి రాసుకుంటున్నారు, అదీ మంచిదే. నా ఈడువాళ్ళు కలిస్తే, పెళ్ళిళ్ళలో బావాబావమరుదుల సరసాలు పోయాయి, ఎవరి ఫోన్లో వాళ్ళు తల దూర్చుకుంటున్నారని వాపోతుంటారు. నేను తల ఊపి ఊరుకుంటాను. మా ఇంట్లో ఆ సరసం ఫోన్లు రాకముందే పోయింది, పోగొట్టింది నేను. బావమరిది శుభకార్యాలకు తప్పకుండా వస్తాడు, అక్క దగ్గర కూర్చుంటాడు. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి నిలబడి, మీరు తిన్నరా అని అడుగుతాడు. ఆ కోర్టు మెట్ల దాకా నన్ను వాడు జన్మలో మీరు అని ఎరగడు.